నీలం ముడులు

లాండ్రీ వెనక గది,
సోమవారం మధ్యాహ్నం.

లెక్కల మహారాణి గారికి వదిన రాసేది,

అడిగినట్టే ఏడాది చిట్టాలన్నీ మూటగట్టి పంపుతున్నాను. బిల్లులు, రశీదులు, బొగ్గు కొట్టువాడి చీటీలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఒకటి రెండు కాగితాల మీద నీలిమందు మరకలుంటాయి, లాండ్రీ చిట్టా మీద నీలిమందు కాక పన్నీరుంటుందా?

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. వెనకాల బాయిలర్ రెండో ఆడపడుచులా అరుస్తూ ఉంటుంది. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు.

ఇంతకీ ఈ తతంగం ఎందుకో నాకు అర్థం కాలేదు. మీ అన్నయ్య పోయాక రెండేళ్ళుగా ఈ చిట్టా నేనే రాస్తున్నాను. ఈ కొట్టులో సగం నాది, సగం మీ చిన్నన్నయ్యది. ఇన్నాళ్ళూ ఆయన గడప తొక్కింది లేదు, పద్దు చూసింది లేదు. ఉన్నట్టుండి పోయిన వారం వచ్చి, "వదినా, మీరు రాసేది చిట్టా మాత్రమే. లెక్కలు తేల్చేవాళ్ళు ఒకసారి చూడాలి. ఇంట్లోనే మన అమ్మాయి ఉందిగా" అన్నాడు. చిట్టాకీ లెక్కకీ తేడా ఏంటో నాకు తెలియదు. వచ్చింది వచ్చినట్టు, పోయింది పోయినట్టు రాస్తాను. నెలాఖరుకి గల్లాపెట్టెలో ఎంతుండాలో అంతే ఉంటుంది, చిల్లిగవ్వ తేడా రాదు. తప్పు రాయను కాబట్టి రాసింది కొట్టేయడం నాకు అలవాటు లేదు. వెతికి చూడు, ఒక్క కొట్టివేత దొరికితే నీ బట్టలు జీవితాంతం ఊరికే ఉతుకుతాను.

ప్రతి నెలా ఎంతో కొంత మిగులుతూనే ఉంది. రాసినదానికి తెలియనిది చదివేదానికి ఏం తెలుస్తుందో చూస్తాను.

వదిన

*

ఆఫీసు, మూడో అంతస్తు,
గురువారం.

వదినా,

నీ చిట్టా చూసి మా ఆఫీసులో వాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఒక్క కొట్టివేత లేదు. నా బట్టలు నేనే ఉతుక్కుంటానులే.

కానీ చిట్టా రాయడం వేరు, లెక్క తేల్చడం వేరు. నీ భాషలో చెప్తాను. దుప్పటి మీద ఎన్ని మరకలున్నాయో చూసి రాసుకోవడం చిట్టా. ఆ మరక దేని వల్ల పడింది, ఎంత సబ్బు తింటుంది, అసలా దుప్పటి ఉతకడం మనకు గిట్టుబాటేనా అని చెప్పడం లెక్క. మొదటిది సరిగ్గా లేకపోతే రెండోది చేయలేం. మొదటిదొక్కటే ఉంటే, ఏం జరిగిందో తెలుస్తుంది గానీ ఏం జరగబోతోందో తెలియదు.

అందుకని మూడు ప్రశ్నలు. తిట్టకుండా జవాబు రాయి.

చలికాలం వెళ్ళినప్పటి నుంచీ ఇస్త్రీ జీతాల పద్దు సగమైంది. హోటల్ నుంచి వచ్చే దుప్పట్లు, గలేబులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మిగతా సగం ఎవరు ఇస్త్రీ చేస్తున్నారు వదినా, దయ్యాలా?

రెండోది. నీ జీతం ఏ పద్దులో రాశావు? నేను మూడుసార్లు వెతికాను.

మూడోది. బొగ్గు ఖర్చంతా ఒకే పద్దులో ఉంది. హోటల్ బట్టలకి ఎంత బొగ్గు పోయింది, ఆసుపత్రి బట్టలకి ఎంత, వీధి గిరాకీకి ఎంత అన్నది ఎక్కడా లేదు. నీకు ఉజ్జాయింపుగానైనా తెలుసా?

నీ ఆడపడుచు

*

లాండ్రీ వెనక గది,
మంగళవారం, బట్టలు ఆరేలోపు.

మహారాణీ,

మా కొట్టులో దయ్యాల్లేవు. ఇస్త్రీ చేసే ఇద్దరిలో అబ్బాయి మానేశాడు, పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఆ అబ్బాయి బల్ల దగ్గర నేను నిలబడుతున్నాను. నా కొట్టు, నా బల్ల, నా పెట్టె. ఇందులో రాయడానికేముంది? డబ్బు కదలలేదు, కాబట్టి పద్దు లేదు. నువ్వే కదా చిట్టా అంటే జరిగింది రాయడం అన్నావు!

ఇక నా జీతమట! నాకు నేను జీతమిచ్చుకోవడమంటే కుడి జేబులోది తీసి ఎడమ జేబులో వేసుకోవడం. మీ అన్నయ్య ఎప్పుడైనా జీతం తీసుకున్నాడా? ఇంట్లో వండినదానికి నేను ఎప్పుడైనా బిల్లు వేశానా? మీ ఆఫీసులో గాలి పీల్చుకున్నదానికి కూడా పద్దు రాస్తారేమో, ఇక్కడ ఆ ఆచారం లేదు. ఆ పద్దు రాయను గాక రాయను. నువ్వు కూడా రాయకు.

మూడో ప్రశ్నకి మాత్రం జవాబుంది, ఇదిగో కవరులోనే ఉంది. దారం చూసి నవ్వకు. మన దగ్గర ఎవరి బట్టకి వాళ్ళ రంగు దారం మూలన కుట్టి ఉంటుంది కదా? హోటల్‌కి నీలం, ఆసుపత్రికి తెలుపు, వీధి గిరాకీకి ఎరుపు. ఒకరి బట్టలు ఇంకొకరి బట్టలతో కలిపి ఎప్పుడూ ఉడకేయం. బాయిలర్ లోంచి ఒక విడత దించగానే, అది ఎవరిదో ఆ రంగు దారంతో పక్కన వేలాడే పురికోసకి ఒక ముడి వేస్తాం. తర్వాత ఎవరి వంతో మరిచిపోకుండా మీ అన్నయ్య పెట్టిన పద్ధతి. ఆయన పోయినా నేను మానలేదు. ఏడాది పురికోసలన్నీ చుట్టలు చుట్టి పంపుతున్నాను. లెక్కపెట్టుకో, నీకు పొద్దుపోతుంది.

నీలం ముడులే ఎక్కువుంటాయి. ఉంటాయి మరి! ఊళ్ళో అంత పెద్ద హోటల్ మన చేతి దుప్పట్ల మీద పడుకుంటోంది. ఆ హోటల్ పేరు మన బోర్డు మీద రాసి ఉండబట్టే నలుగురూ మనని మనుషులుగా చూస్తున్నారు. మీ అన్నయ్య కాళ్ళరిగేలా తిరిగి తెచ్చిన గిరాకీ అది.

వదిన

*

ఆఫీసు,
శనివారం.

వదినా,

ముడులన్నీ లెక్కపెట్టాను. పొద్దుపోవడం కాదు, నా మతి పోయింది. నీకూ అన్నయ్యకీ తెలియకుండానే మీరు రాసిన దానికంటే గొప్ప చిట్టా ఈ పురికోస.

నువ్వు వద్దన్నా నీ జీతం రాశాను. ఎక్కువ రాయలేదు. మానేసిన ఇస్త్రీ అబ్బాయికి ఎంతిచ్చేదానివో అంతే రాశాను. కడుపు మాడ్చుకుని చేసే గాడిద చాకిరీని లాభం అని పిలవడానికి నా చేయి రాలేదు. అది రాశాక మిగులు మిగల్లేదు వదినా. కొట్టు నష్టంలో ఉంది.

ఉత్తరంలో అంకెలు రాస్తే చదవకుండా చింపేస్తావు. శుక్రవారం చిన్నన్నయ్య అటు వస్తున్నాడట, పట్టిక ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. దయచేసి మొత్తం చదివాక తిట్టు.

నీ ఆడపడుచు

*

లాండ్రీ,
ఆదివారం.

ఆడపడుచు గారికి,

మీరు పంపిన కాగితం అందింది.

మీ చిన్నన్నయ్య ఒక్కడే రాలేదు, పాత ఇనుము కొనేవాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. గిరాకీ జనం ముందే నీ కాగితం కౌంటరు మీద పరిచి, "చూశారా వదినా? ఇది నా మాట కాదు, మన అమ్మాయి మాట. ఈ కొట్టు నష్టంలో ఉంది. నష్టంలో ఉన్న కొట్టుకి విలువ ఏముంటుంది? ఇనుము ధరకి అమ్మేసి చెరిసగం పంచుకుందాం" అన్నాడు. ఆ ఇనుము వాడు మాట మధ్యలోనే లోపలికెళ్ళి, గేదె బేరానికి వచ్చినట్టు బాయిలర్ పొట్ట మీద తట్టి చూశాడు. ఇస్త్రీ పెద్దాయన పెట్టె పక్కనపెట్టి బయటికెళ్ళి నిలబడ్డాడు. ఆ వయసులో ఆయనకి ఇంకెక్కడ పని దొరుకుతుంది?

నెలాఖరులోగా జవాబు చెప్పమన్నాడు. పోతూ పోతూ, ఈ అమ్మకం సంగతి చలికాలంలోనే నీకు చెప్పానని నోరు జారాడు. చలికాలంలోనే! అంటే చిట్టాలు పంపమని నువ్వు తియ్యతియ్యగా ఉత్తరం రాసినప్పటికే నీకు తెలుసు. పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, ఆ పొగకి కట్టెలు నా చేతే మోయిస్తారని వినలేదు. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మిగతా సగం మీ చిన్నన్నయ్య అయినట్టున్నాడు.

నా చేతి రాత వంకరగా ఉందని నీ ఆఫీసు వాళ్ళకి చూపించకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడిచేయి ఇస్త్రీ పెట్టెకి తగిలి కాలింది, పది రోజులైంది. నీకు చెప్పాలనుకోలేదు. చెప్తే దాన్ని కూడా ఏదో ఒక పద్దులో రాస్తావు.

ఒక్క మాట మాత్రం విను. ఈ కొట్టు నేను అమ్మను. నష్టమో లాభమో, నేను బతికుండగా ఆ బాయిలర్‌ని ఎవడూ తూకం వేయలేడు. నీ కాగితం నువ్వే ఉంచుకో, తిప్పి పంపుతున్నాను.

*

ఆఫీసు,
బుధవారం, ఉత్తరం అందిన వెంటనే.

వదినా,

ముందు చేయి సంగతి రాయి. కట్టు ఎవరు కడుతున్నారు? నువ్వే ఎడమ చేత్తో కట్టుకుంటున్నావంటే ఇప్పుడే బయల్దేరి వస్తాను.

అవును, నాకు తెలుసు. కొట్టు నష్టంలో ఉందని, అమ్మాలన్న ఆలోచన ఉందని చిన్నన్నయ్య నాకు చెప్పాడు. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు చిట్టాలు పంపకుండా బాయిలర్‌లో వేసేదానివి, కాదను చూద్దాం. చిట్టాలు లేకుండా ఆయన మాట నిజమో అబద్ధమో తేల్చే దారి నాకు లేదు. లెక్క నీవైపు తేలుతుందో ఆయనవైపు తేలుతుందో కూడా నాకప్పుడు తెలియదు. ఎటు తేలితే అటే రాస్తానని మాత్రం ఆయన ముఖం మీదే చెప్పాను. నీకోసం అంకె మార్చను, ఆయన కోసమూ మార్చను. నా వృత్తిలో నాకున్న పరువు అదొక్కటే. కానీ నీ దగ్గర దాచడం తప్పే, దానికి నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు తిప్పి పంపిన కవరు విప్పి చూశాను. అందులో ఒక్క పేజీయే ఉంది. నేను ఇచ్చింది రెండు పేజీలు! రెండోది ఆయన నీకు ఇవ్వనే లేదు. ఇదిగో, మళ్ళీ రాసి పంపుతున్నాను. కుదురుగా కూర్చుని చదువు.

బొగ్గు, సబ్బు, ఇస్త్రీ, నీ కష్టం అన్నీ ముడుల ప్రకారం విడదీశాను. ఎర్ర ముడి లాభం. తెల్ల ముడి లాభం. నీలం ముడి ఒక్కటే నష్టం, అదీ మామూలు నష్టం కాదు. అన్నయ్య ఉన్నప్పుడు ఒప్పుకున్న రేటే ఆ హోటల్ ఇప్పటికీ ఇస్తోంది. అది కూడా మూడు నెలలు ఆలస్యంగా. వీధిలో వాళ్ళు చొక్కా చొక్కాకీ ఇచ్చే డబ్బుతో నువ్వు ఆ హోటల్ దుప్పట్లకి బొగ్గు కొంటున్నావు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. నీ చేయి కాలింది కూడా ఆ దుప్పట్ల మీదే కదా?

ఇంకొకటి. అన్నయ్య రాయించిన ఒప్పందంలో, ఇద్దరిలో ఎవరు తప్పుకోవాలన్నా ముందు రెండోవాళ్ళని అడగాలని ఉంది. బయటివాడు ఎంత ధర ఇస్తానన్నాడో అదే ధరకి రెండోవాళ్ళు కొనుక్కోవచ్చు. ధర నలుగురి ముందు చెప్పింది ఆయనే.

ఏం చేయాలో నేను చెప్పను. రాయడం నీ పని అయింది, తేల్చడం నా పని అయింది. ఇక మిగిలింది యజమాని పని. ఆ కుర్చీలో నువ్వే ఉన్నావు.

నీ ఆడపడుచు (పూర్తి ఆడపడుచు, ఎవరిలోనూ సగం కాదు)

*

లాండ్రీ వెనక గది,
నెలాఖరు.

అమ్మడూ,

చేయి మానుతోంది. ఇస్త్రీ పెద్దాయన కూతురు రోజూ వచ్చి కట్టు కడుతోంది. నువ్వేం బయల్దేరక్కర్లేదు.

రెండో పేజీ మొదటిసారి చదివి నిన్ను తిట్టాను. రెండోసారి చదివి హోటల్‌ని తిట్టాను. మూడోసారి చదివాక ఎవరినీ తిట్టబుద్ధి కాలేదు, ఏడుపొచ్చింది. మీ అన్నయ్య తెచ్చిన గిరాకీ అని ఆ నీలం దారం కళ్ళకద్దుకుంటూ వచ్చాను. ఆయన ఉంటే ఈ పేజీ చూసి నాకంటే ముందే ఆ హోటల్ మీదికి లేచేవాడు. నేను లేవడానికి ఇంత ఆలస్యమైంది, అంతే.

శనివారం పొద్దున హోటల్ బండి వచ్చింది. దుప్పట్లు, గలేబులు, తువ్వాళ్ళు అన్నీ తళతళలాడుతూ మడతల్లో ఉన్నాయి. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని కూర్చున్నాను. "పాత బాకీ తీరితే తాళం తీస్తాను" అన్నాను. బండివాడు నవ్వుతూ వెళ్ళాడు. కాసేపటికి మేనేజరే చెమటలు కక్కుతూ వచ్చాడు. గదులన్నీ నిండాయట, పరుపులు బోసిగా ఉన్నాయట.

"మీ ఆయన ఉన్న రోజుల్లో ఇలాంటివి లేవండీ" అన్నాడు.

"మా ఆయన ఉన్న రోజుల్లో బొగ్గు కూడా ఈ ధర లేదండీ" అన్నాను.

మూడు నెలల బాకీ కౌంటరు మీద పెట్టాడు. లెక్కపెట్టుకుని, రశీదు రాసిచ్చి, తాళం తీశాను. ఆ తర్వాత నువ్వు తేల్చిన ధర చెప్పాను. ఇకమీదట దుప్పటికి ఇంత, అదీ ఏ వారానికి ఆ వారం అన్నాను. పెద్దగా నవ్వాడు. "మీరు కాకపోతే ఇంకొకరు వస్తారు" అన్నాడు. "అయితే ఆ ఇంకొకరి అడ్రసు ఈ రోజే కనుక్కోండి. సోమవారం నుంచి నేను నీలం బట్ట ముట్టుకోను" అన్నాను. దుప్పట్లు బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మీ చిన్నన్నయ్య ఇనుము వాడితో సహా దిగాడు. హోటల్ వార్త అప్పటికే చేరినట్టుంది, "హోటల్‌ని వదిలేశారా? మతి పోయిందా వదినా? ఇక ఈ కొట్టు నెల కూడా నిలవదు!" అని కేకలు వేశాడు.

"నిలవకపోతే నీకేం మరిదీ? నీ వాటా నేను కొంటున్నాను. ఇనుము ధర ఎంతన్నావో అందులో సగం" అన్నాను. ఇనుము వాడిని పిలిచి, అదే ధర మళ్ళీ గట్టిగా చెప్పించాను.

ఆయన నీళ్ళు నమిలాడు. "ఇనుము ధర అంటే... నడుస్తున్న కొట్టు కదా వదినా, కొంచెం ఆలోచించి..." అన్నాడు. చూశావా? నేను అమ్మితే పాత ఇనుము, నేను కొంటే నడుస్తున్న కొట్టు! అప్పుడు రెండో పేజీ తీసి కౌంటరు మీద పెట్టాను. "ఇది నీ దగ్గర ఎప్పటినుంచో ఉంది. నా దగ్గరికి ఇప్పుడే వచ్చింది. నడిచే కొట్టో నడవని కొట్టో నాకంటే ముందే చదివి, ధర నువ్వే కట్టావు" అన్నాను. గిరాకీ జనం ఒక్కరూ కదల్లేదు. చొక్కాలు తీసుకున్నవాళ్ళు కూడా అక్కడే నిలబడ్డారు.

సంతకం పెట్టాడు. హోటల్ బాకీలో సగం ఆయనది, అది చిల్లిగవ్వ తేడా లేకుండా ముందే ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటా కొన్నది నా సగంతోనూ, నా గాజులు అమ్మిన డబ్బుతోనూ. గాజుల సంగతికి నువ్వు నొచ్చుకోకు. ఇస్త్రీ చేసే చేతికి గాజులు వేడెక్కుతాయి.

నీ వదిన

*

ఆఫీసు.

వదినా,

చిన్నన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. "నీ లెక్క నా నోట్లో మట్టి కొట్టింది" అని ఒక్క మాట పంపాడు. నా లెక్క కాదు, నీ ధరే అని జవాబిచ్చాను. కొన్నాళ్ళకి తగ్గుతాడు, తగ్గకపోతే మానె. ఆయన నాకు అన్నే, కాదనను, ఆ బాధ నా దగ్గర ఉంటుంది.

నీ ఉత్తరం చదువుతూ గట్టిగా నవ్వితే, ఎవరు రాశారని పక్క బల్లవాళ్ళు అడిగారు. మా వదిన అని చెప్పాను.

ఇప్పుడే పొంగిపోకు. నీలం పోయాక రెండు మూడు నెలలు గల్లాపెట్టె బోసిపోతుంది. భయపడి మళ్ళీ ఆ హోటల్ గుమ్మం తొక్కావంటే ఊరుకోను. చిట్టా మాత్రం నెల నెలా పంపు.

నీ ఆడపడుచు

*

లాండ్రీ ముందు గది (ఇప్పుడు కుర్చీ ముందు గదిలోనే వేశాను),
వానలు తెరిపిచ్చిన రోజు.

నా లెక్కల మహారాణికి,

నువ్వన్నట్టే మొదటి రెండు నెలలూ చుక్కలు కనిపించాయి. బాయిలర్ సగం రోజు చల్లగా ఉండేది. దాని మీద చేయి పెట్టి చూసుకుని, తప్పు చేశానా అని భయపడ్డ రోజులున్నాయి. మూడో నెలలో వీధి గిరాకీ పెరిగింది. హోటల్ మేనేజరుతో గొడవ కథ ఊరంతా తిరిగిందట, ఆ లాండ్రీ ఆవిడ ఎవరో చూద్దామని చొక్కాలు పట్టుకొస్తున్నారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఉతుకు చూసి మళ్ళీ వస్తున్నారు. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే కాబోలు. మానేసిన ఇస్త్రీ అబ్బాయి కూడా తిరిగొచ్చాడు.

హోటల్ మేనేజరు పోయిన వారం మనిషిని పంపాడు. నేను చెప్పిన ధరకి ఒప్పుకుంటాడట, నెలకోసారి ఇస్తాడట. వారానికోసారి అన్నానని గుర్తుచేసి పంపాను. ఇంకా జవాబు లేదు, నాకు తొందరా లేదు.

కవరులో ఈ నెల పురికోస పెట్టాను. ఎరుపూ తెలుపే, నీలం ఒక్కటీ లేదు. బోర్డు మీద హోటల్ పేరు చెరిపించి ఆ చోట ఏమీ రాయించలేదు, అలాగే బాగుంది.

ఈ నెల చిట్టాలో మొదటి పద్దు నా జీతం. రాసేటప్పుడు సిగ్గేసింది. రాశాక ఎవరో నన్ను పనిలో పెట్టుకున్నట్టు, పెట్టుకున్నది కూడా నేనే అయినట్టు గమ్మత్తుగా అనిపించింది. ఆ డబ్బుతో మొదట గాజులు విడిపించుకోవాలనుకున్నాను, కానీ అవి అమ్మేసినవి, తాకట్టు కాదు కదా. పోనీలే, మంచి చెప్పులు కొనుక్కున్నాను. రోజంతా నిలబడే మనిషికి గాజులకంటే చెప్పులే ముఖ్యం.

రెండో పద్దు చదివి నువ్వు నామీద గయ్యిమంటావు. చిట్టాలు చూసినందుకు, ఏడాది ముడులు విప్పకుండా లెక్కపెట్టినందుకు, రెండో పేజీ రెండుసార్లు రాసినందుకు నీ ఫీజు. పురికోస కిందే ఇంకో కవరులో ఉంది. మీ వీధిలో ఇంకే లెక్కల మనిషైనా ఎంత తీసుకుంటారో కనుక్కుని అంతే పెట్టాను, తగ్గించలేదు. ఇంటి ఆడపడుచువని నీ చేత ఊరికే చాకిరీ చేయించుకుంటే, నువ్వు నాకు చెప్పిన పాఠం నాకు ఎక్కనట్టే.

తిప్పి పంపుదామని చూడకు. చిట్టాలో రాసేశాను. రాసింది కొట్టేయడం నాకు అలవాటు లేదు.

నీ వదిన